రాగిని చెక్కే ములుకు: ఇంటి సర్క్యూట్ బోర్డుకు ఏ బిట్టు?

కోత విద్యకు సూరత్ నగరం పెట్టింది పేరు. ప్రపంచంలో సానపట్టబడే వజ్రాలలో అత్యధిక భాగం ఈ నగరంలోని ఘంటీల మీదనే మెరుగుదేరుతున్నది. పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే సూరత్ నుండి గోల్కొండ వరకు గల బాటను, కృష్ణాతీరాన కొల్లూరు వజ్రపు గనులను స్వయంగా చూసి, 1676లో ప్రచురించిన తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు. వజ్రం పుట్టిన నేల మనది. దానికి పదును తెలిసిన నేల ఇది. ఈ రెండు నేలల నడుమ రాకపోకలు ఈనాటివి కావు.

ఆ బాటలోనే తరువాతి కాలంలో మన నేతగాళ్ళు వచ్చారు. తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో మరమగ్గాల మీద జీవనం సాగిస్తున్నాయి. వారి పిల్లల కొరకు నగర పాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతున్నది. మావంటి ప్రభుత్వరంగ ఉద్యోగులు హజీరా వైపు కాలనీలలో ఉంటే, వారు నగరం నడిబొడ్డున ఉన్నారు. పండుగలకు, పెళ్ళిళ్ళకు కలిసినపుడు రెండు వర్గాల పిల్లలూ మాట్లాడుకునే విషయం ఇప్పుడు ఒకటే: ఇంట్లో సర్క్యూట్ బోర్డు తయారుచేయడం.

బల్ల మీద పట్టే చిన్న కంప్యూటర్ మిల్లింగు యంత్రాలు సామాన్యులకు అందుబాటులోకి వచ్చాయి. 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు పని చేయగలవి గనుక వాటిని 3018 యంత్రాలని పిలుస్తారు. యంత్రం కొన్నవారందరికీ మొదట ఎదురయ్యే ప్రశ్న బిట్టును గురించినదే. పది బిట్లు గల డబ్బా ఒకటి తెరిస్తే అన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. ఏది దేనికి? ఈ మాసం మా శీర్షికను ఆ ప్రశ్నకు కేటాయిస్తున్నాము. ఇది కేవలం బోర్డు అందానికి సంబంధించిన విషయం కాదనీ, ఒక్కొక్కప్పుడు ప్రాణరక్షణకు సంబంధించినదనీ చివరకు పాఠకులకు తెలియగలదు.

యాసిడ్ తొట్టి ఎందుకు వద్దు?

రాగి పొర గల పలకపై కావలసిన దారులను మాత్రం నిలిపి, తక్కిన రాగిని తొలగించడమే సర్క్యూట్ బోర్డు తయారీ. పాత పద్ధతిలో పలకను ఫెర్రిక్ క్లోరైడ్ ద్రవంలో ముంచి అనవసరపు రాగిని కరిగిస్తారు. ఆ ద్రవం బట్టల మీద పడితే మరక వదలదు. స్టెయిన్‌లెస్ స్టీలు సింకును సైతం అది తినివేస్తుంది. గృహిణుల ఆగ్రహానికి ఇంతకంటె కారణం అక్కరలేదు. వాడిన ద్రవంలో కరిగిన రాగి ఉంటుంది. రాగి చేపలకు విషం. దానిని మురుగు కాలువలో పారబోయడమంటే తాపీ నదికి పంపడమే.

మిల్లింగు పద్ధతిలో ద్రవం లేదు. ప్రతి రాగి దారి చుట్టూ సన్నని గాడి కోసి, దానిని ఇరుగుపొరుగు రాగి నుండి వేరుచేస్తారు. కీక్యాడ్ వంటి సాఫ్ట్‌వేరులో గీసిన పటాన్ని ఫ్లాట్‌క్యామ్ వంటి మరొక సాఫ్ట్‌వేరు బిట్టు నడవవలసిన దారిగా మారుస్తుంది. అయితే ద్రవం పోయిన చోట ధూళి వచ్చి చేరుతుంది. ఆ సంగతి ముందు ముందు చెప్పగలము.

పలకలో ఏమున్నది?

సాధారణంగా పలక మందం 1.6 మిల్లీమీటర్లు, దానిపై రాగి పొర 35 మైక్రాన్లు, అనగా 0.035 మిల్లీమీటరు మాత్రమే. కోయవలసినది ఆ పలుచని పొరనే అయినా, బిట్టుకు శత్రువు రాగి కాదు, దాని క్రింద ఉన్న గాజు. ఎఫ్.ఆర్.-4 అనే పలకను గాజు పోగుల గుడ్డకు ఎపాక్సీ జిగురు పట్టించి చేస్తారు. నేతగాళ్ళ భాషలో చెప్పవలెనంటే అది పడుగూ పేకా రెండూ గాజుతో నేసిన వస్త్రం. ఆ గాజు హైస్పీడ్ స్టీలు మొనను కొద్దిసేపటిలోనే మొద్దుబార్చివేస్తుంది. ఎఫ్.ఆర్.-1 అనే పలకలో గాజు ఉండదు. కాగితం, ఫినాలిక్ జిగురు ఉంటాయి. బిట్టుకు అది మెత్తన. కాని వానాకాలపు తేమను పీల్చుకుని వంగిపోయే గుణం దానికి ఉన్నది. సూరత్ వర్షాకాలం తెలిసినవారికి ఈ లోపం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

కాబట్టి బిట్టు టంగ్‌స్టన్ కార్బైడుతో చేసినదై ఉండాలి. ఈ లోహపు కథ కూడా వజ్రంతోనే ముడిపడి ఉన్నది. విద్యుద్దీపాలలోని సన్నని టంగ్‌స్టన్ తీగను లాగడానికి జర్మనీలోని ఆస్రం సంస్థ వజ్రపు అచ్చులను వాడేది. వజ్రం ఖరీదు భరించలేక ప్రత్యామ్నాయం వెదుకుతూ, ఆ సంస్థకు చెందిన కార్ల్ ష్రోటర్ టంగ్‌స్టన్ కార్బైడు పొడిని కోబాల్టుతో కలిపి కాల్చి, 1923లో పేటెంటు దాఖలు చేశాడు. తరువాత క్రుప్ సంస్థ దానికి ‘విడియా’ అని పేరు పెట్టి విక్రయించింది. జర్మను భాషలో ‘వజ్రం వలె’ అని దాని అర్థం. తీగను అచ్చులో లాగడం సూరత్ జరీ పనివారికి కొత్త విద్య కాదు. మన పట్టుచీరల అంచున మెరిసే జరీ చాలా సందర్భాలలో ఈ నగరం నుండి వచ్చినదే.

కార్బైడు గట్టిది, కాని పెళుసు. దానిని ప్రక్కకు వంచితే వంగదు, విరుగుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం బిట్లు మిగులుతాయి.

కోణము, మొన, లోతు

గాడి కోసే బిట్టును వి-బిట్టు అంటారు. దాని కాడ సాధారణంగా 3.175 మిల్లీమీటర్లు, అనగా అంగుళంలో ఎనిమిదవ వంతు. దానిపై రెండు అంకెలు ప్రధానం: కోణము, మొన వెడల్పు. ‘30 డిగ్రీలు, 0.1 మిల్లీమీటరు’ అని ఉంటే, అంచుల నడుమ కోణం 30 డిగ్రీలు, చివర 0.1 మిల్లీమీటరు చదునుగా ఉన్నదని అర్థం.

బిట్టు మొన 0.1 అయినంత మాత్రాన గాడి వెడల్పు 0.1 కాదు. మొన లోతుకు దిగిన కొద్దీ పైన గాడి విచ్చుకుంటుంది. లెక్క చాలా సులభం: లోతును రెండుతో గుణించి, కోణంలో సగానికి గల టాంజెంటుతో మరల గుణించి, దానికి మొన వెడల్పును కలపాలి. ఉన్నత పాఠశాల త్రికోణమితి చదివే పిల్లలు దీనిని తండ్రులకంటె వేగంగా చేయగలరు.

0.1 మొన గల బిట్టును 0.1 మిల్లీమీటరు లోతుకు దింపితే, 30 డిగ్రీల బిట్టు 0.154 వెడల్పు గాడి కోస్తుంది. 60 డిగ్రీలది 0.215, 90 డిగ్రీలది 0.300. పలక వంపు వలన ఒకచోట లోతు 0.2 అయినదనుకుందాము. అప్పుడు 30 డిగ్రీల గాడి 0.207 అవుతుంది, 60 డిగ్రీలది 0.331, 90 డిగ్రీలది 0.500. లోతులో వచ్చిన తప్పు అన్నిటికీ ఒకటే అయినా, దానికి చెల్లించే మూల్యం వేరు. కోణం పెద్దదైన కొద్దీ బిట్టు పలక వంపును ఎక్కువగా ఎత్తిచూపుతుంది. కోణం చిన్నదైన కొద్దీ వంపును మన్నిస్తుంది, కాని మొన సన్నబడి త్వరగా విరుగుతుంది. బిట్టు ఎంపిక అంతా ఈ రెండిటి మధ్య రాజీ మాత్రమే.

ఇక ఎంపిక పనిని బట్టి జరగాలి. ఇంటి పనులలో విరివిగా వాడే రెండు వరుసల కాళ్ళ ఐ.సి.లలో కాలికీ కాలికీ మధ్య 2.54 మిల్లీమీటర్లు ఉంటుంది. కాలి చుట్టూ 1.6 మిల్లీమీటర్ల రాగి బిళ్ళ ఉంచితే, రెండు బిళ్ళల నడుమ 0.94 మిగులుతుంది. అందులోనుండి 0.4 వెడల్పు రాగి దారిని పోనిస్తే, ఇరువైపులా గాడికి దొరికే చోటు 0.27. పలక సమంగా ఉంటే 60 డిగ్రీల బిట్టు కూడా ఇందులో పడుతుంది. పలక 0.1 వంగి ఉంటే పట్టదు. రాగి దారి ఇరుప్రక్కలా తరిగి 0.28కి సన్నగిల్లుతుంది. 30 డిగ్రీల బిట్టుకు ఆ చిక్కు లేదు. అందువలన క్రొత్తగా మొదలుపెట్టేవారికి 30 డిగ్రీలు, 0.1 మొన గల బిట్టునే మేము సూచిస్తాము. కాళ్ళ నడుమ 0.5 మిల్లీమీటరు మాత్రమే గల చిన్న ఐ.సి.లకు 20 డిగ్రీల బిట్టు అవసరం కావచ్చు; చేయి తిరిగిన తరువాతనే ఆ పనికి పూనుకోవడం మంచిది. వెడల్పైన దారులు గల రిలే బోర్డులకు 0.2 మొన గల బిట్టు మన్నికలో మేలు.

బిట్టు తప్పు కాని తప్పులు

గాడి చెడగానే బిట్టును నిందించడం పరిపాటి. ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెత ఇచ్చటనూ వర్తిస్తుంది. క్రొత్త బిట్టు మార్చడానికి ముందు రెండు విషయాలు పరిశీలించాలి.

మొదటిది, పలక సమతలం. పలకను బల్లకు అంటించిన తరువాత, ఒక తీగను రాగికి, మరొక తీగను బిట్టుకు తగిలించి, మొన రాగిని తాకినపుడు యంత్రం ఎత్తును నమోదు చేసేలా అమర్చవచ్చు. సెంటీమీటరుకు ఒకచోట చొప్పున తాకించి చూస్తే పలక ఎత్తుపల్లాల పటం తయారవుతుంది. ఆ మేరకు యంత్రం లోతును సవరించుకుంటుంది.

రెండవది, స్పిండిల్ వణుకు. డయల్ గేజి ఆనించి స్పిండిల్‌ను చేతితో త్రిప్పినపుడు ముల్లు 0.05 మిల్లీమీటరు ఊగితే, గాడి సుమారుగా అంతే అదనంగా వెడల్పవుతుంది. 0.1 మొన గల బిట్టు కొని 0.05 వణుకు గల స్పిండిల్‌లో బిగించడమంటే మేలిమి బియ్యం తెచ్చి చిల్లుల సంచిలో పోసుకోవడమే. కొల్లెట్‌లోని నుసిని తుడిచి మరల బిగిస్తే చాలా సందర్భాలలో వణుకు తగ్గుతుంది.

వేగం విషయంలో కూడా లెక్క ఉన్నది. నిమిషానికి 10,000 చుట్లు తిరిగే స్పిండిల్‌పై ఒకే అంచు గల వి-బిట్టును నిమిషానికి 200 మిల్లీమీటర్లు నడిపితే, ఒక్కొక్క చుట్టుకు 0.02 మిల్లీమీటరు రాగి తెగుతుంది. అది మంచి కొలత. అదే కొలత 24,000 చుట్ల స్పిండిల్‌పై కావాలంటే నిమిషానికి 480 మిల్లీమీటర్లు నడపాలి. మరీ నెమ్మదిగా నడిపితే బిట్టు కోయడం మాని రాపిడి చేస్తుంది; అంచులు మొద్దుబారి రాగి రేకులు లేస్తాయి. నెమ్మదితనం అన్నివేళలా జాగ్రత్త కాదు.

బిట్టు పదును కనుగొనడానికి సూరత్‌లో గల సౌకర్యం మరెక్కడా లేదు. మహీధర్‌పురా వజ్రాల బజారులో దలాలులు చేతిలో పట్టుకునే పది రెట్ల భూతద్దం ఒకటి కొనుక్కుంటే చాలు. వజ్రాన్ని చూసినట్లే బిట్టు మొనను చూడాలి. డబ్బాపై 0.1 అని ఉన్నా, చివర విరిగి 0.3గా మారిన మొన ఆ అద్దంలో దాగదు. తుక్కు పలకపై చిన్న గీత కోసి, గాడిని కూడా అదే అద్దంలో పరిశీలించి, నిజమైన వెడల్పునే సాఫ్ట్‌వేరుకు చెప్పాలి.

తక్కిన బిట్లు

రంధ్రాలకు కార్బైడు డ్రిల్లు బిట్లు వేరుగా ఉండాలి. రెసిస్టర్లకు, ఐ.సి.లకు 0.8, కొంచెం లావు కాళ్ళ డయోడ్లకు 1.0, తీగలు బిగించే టెర్మినళ్ళకు 1.3 మిల్లీమీటర్లు సరిపోతాయి. డ్రిల్లు బిట్టు నిటారుగా దిగడానికే పుట్టినది. ప్రక్కకు నడిపితే తక్షణం విరుగుతుంది.

బోర్డును పలక నుండి వేరుచేయడానికి మొక్కజొన్న పొత్తి వలె పళ్ళు గల బిట్టు శ్రేష్ఠం. ఆ పళ్ళు గాజు పోగులను తునకలుగా నరుకుతాయి. 1.6 మిల్లీమీటర్ల మందాన్ని ఒక్కసారిగా కోయక, 0.4 చొప్పున నాలుగు విడతలుగా కోయాలి. చుట్టూ రెండు మూడు చోట్ల కొంత వదలివేస్తే బోర్డు చివరి క్షణంలో కదిలి బిట్టును విరవదు.

ఇక చివరిది, చదును మొన గల ఎండ్‌మిల్లు; 0.8 లేదా 1.0 మిల్లీమీటరుది. చాలామంది దీనిని కొనరు. మా అభిప్రాయంలో అన్నిటికంటె ముఖ్యమైన బిట్టు ఇదే. కారణం క్రింద వివరిస్తున్నాము.

సన్నని గాడి, పెద్ద ప్రమాదం

మరమగ్గాల ఇళ్ళలోని యువకులు పేక పోగు తెగగానే మగ్గాన్ని ఆపే పరికరాలను సొంతంగా తయారు చేయాలనుకోవడం ఎంతైనా అభినందనీయం. ఆ బోర్డుపై ఒకవైపు 5 వోల్టుల సెన్సరు, మరొకవైపు రిలే ద్వారా 230 వోల్టుల సరఫరా ఉంటాయి. ఈ రెండిటి నడుమ 0.2 మిల్లీమీటరు గాడి మాత్రమే కోసి, మీటరు పెట్టి చూసి, షార్టు లేదని తృప్తిపడే ప్రమాదం ఉన్నది.

230 వోల్టుల ప్రత్యావర్తి విద్యుత్తు శిఖరం 325 వోల్టులు. పొడిగా, శుభ్రంగా ఉన్న గాలిలో ఆ సన్నని సందు దానిని ఆపవచ్చు. మొదటి రోజు అంతా బాగానే ఉంటుంది. చిక్కంతా అందులోనే ఉన్నది. మగ్గాల షెడ్డులో నూలు ధూళి ఎగురుతూ ఉంటుంది. అది గాడిలో పేరుకుంటుంది. వానాకాలపు తేమ దానికి తోడవుతుంది. ఆ తడి ధూళి మీదుగా కొద్దిపాటి విద్యుత్తు పారడం మొదలై, వేడికి ఉపరితలం మాడి, నల్లని బొగ్గు దారి ఏర్పడుతుంది. బొగ్గు విద్యుద్వాహకం. ఒకనాడు 230 వోల్టులు సెన్సరు తీగలోనికి వస్తాయి. ఆ సెన్సరును తాకేది మగ్గం వద్ద నిలబడిన మనిషి చేయి.

కర్మాగారంలో తయారైన బోర్డుపై ఆకుపచ్చని రక్షణ పూత ఉంటుంది. ఇంటి బోర్డుపై అది ఉండదు. పైగా మిల్లింగు పద్ధతిలో తొలగించని రాగి ద్వీపాలుగా మిగిలిపోతుంది. రెండు దారుల నడుమ దూరం 8 మిల్లీమీటర్లని పటంలో కనిపించినా, మధ్యలో రాగి ద్వీపం ఉంటే నిజమైన రక్షణ దాని ఇరుప్రక్కల ఉన్న రెండు సన్నని గాడులు మాత్రమే.

కావున 230 వోల్టుల భాగానికీ, చేతికి తగిలే తక్కువ వోల్టుల భాగానికీ నడుమ బోర్డు ఉపరితలంపై కనీసం 8 మిల్లీమీటర్ల మేర రాగిని సమూలంగా తొలగించాలన్నది మేము పాటించే నియమం. వి-బిట్టుతో ఈ పనికి పూనుకుంటే 0.1 చొప్పున జరుపుతూ ఎనభై సార్లు నడపవలసి వస్తుంది. అంతలో మొన పోతుంది. 1.0 మిల్లీమీటరు ఎండ్‌మిల్లుతో 0.8 చొప్పున జరిపితే పది సార్లలో పూర్తవుతుంది. దాని గోడలు నిట్టనిలువు గనుక లోతు కొంత మారినా వెడల్పు మారదు. టంకం పని ముగిసిన తరువాత బోర్డును శుభ్రపరచి, వార్నిషు పూత వేసి, మూతగల పెట్టెలో బిగించాలి. మూడు ఫేజుల 415 వోల్టుల సరఫరాను ఇంటి బోర్డుపైకి అసలు తేనేకూడదు. ఆ పని కాంటాక్టరుకు వదలాలి. 230 వోల్టులు తగిలించే ముందు అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియనుకు బోర్డును చూపించడం చిన్నతనం కాదు.

ఇంటిల్లిపాదీ గమనించవలసినది

ఎఫ్.ఆర్.-4 ధూళిలో గాజు పోగుల తునకలు ఉంటాయి. చర్మానికి దురద, కళ్ళకు మంట కలిగిస్తాయి. అతి సన్నని రజను ఊపిరితిత్తులలోకి పోతుంది. కాబట్టి యంత్రాన్ని వంటింట్లోగాని, పసిపిల్లలు నిద్రించే గదిలోగాని, ఏ.సి. వేసి తలుపులు మూసిన గదిలోగాని నడుపరాదు. యంత్రాన్ని పెట్టెలో ఉంచి, సన్నని ధూళిని పట్టగల ఫిల్టరు గల వాక్యూం క్లీనరుతో పీల్పించడం ఉత్తమం. ఎన్-95 మాస్కు, కళ్ళద్దాలు తప్పనిసరి. విరిగిన కార్బైడు మొన ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. పని ముగిసిన పిదప చీపురుతో ఊడ్వరాదు, నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి. చున్నీ, జడ, వదులు చేతుల చొక్కా స్పిండిల్‌కు దూరంగా ఉండాలి.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. పిల్లవాడు అడిగినపుడు ‘బిట్ల డబ్బా’ అని కాక, ఈ పట్టిక చెప్పి కొనిపెట్టండి: 30 డిగ్రీలు, 0.1 మొన గల మంచి కార్బైడు వి-బిట్లు మూడు, 1.0 మిల్లీమీటరు ఎండ్‌మిల్లు రెండు, 0.8, 1.0, 1.3 డ్రిల్లు బిట్లు రెండేసి, 1.5 మిల్లీమీటర్ల మొక్కజొన్న బిట్టు ఒకటి, పది రెట్ల భూతద్దం ఒకటి, మాస్కులు, కళ్ళద్దాలు. నాసిరకం ముప్పై బిట్లకంటె ఈ కొద్దిపాటి సరంజామా ఎక్కువ బోర్డులను ఇస్తుంది.

మొదటి బోర్డుగా బ్యాటరీతో వెలిగే చిన్న దీపాన్ని చేయించండి. పది బోర్డులు చేసిన తరువాత రిలే జోలికి పోనివ్వండి. ఆ రిలే బోర్డు పూర్తి అయిననాడు తండ్రి చేయవలసిన తనిఖీ ఒక్కటే ఉన్నది: స్కేలు తీసి, రెండు వోల్టేజీల నడుమ రాగి లేని చోటును కొలవడం. 8 మిల్లీమీటర్లు ఉంటే వెన్ను తట్టండి. లేకుంటే ఎండ్‌మిల్లు బిగించి మరొకసారి కోయమనండి.